గేరాయిలు తగువు

ఇంజనాయిలు ఎప్పుడు మార్చారో బండి తలుపు మీద స్టిక్కరు చెబుతుంది. టైర్లు ఎప్పుడు వేయించారో ఓనరు నోటిలెక్కన చెబుతాడు. గేర్‌బాక్సులో ఏ నూనె ఉందని అడిగితే మాత్రం 'ఏదో ఉంది లెండి' అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు సరిపోదు. ఉంగుటూరు చుట్టుపక్కల పికప్ తిప్పేవాళ్ళకు అసలే సరిపోదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ బండ్లకు ఊపిరాడదు. ఖాళీగా ఆగిరిపల్లి, నూజివీడు వైపు మామిడి తోటల్లోకి పోవాలి. బంగినపల్లి, చిన్నరసాలు, కలెక్టరు కాయ నింపుకోవాలి. ఆ లోడుతో తోటలో మట్టి బాట మీద ఫస్టు, సెకండు గేర్లు తప్ప ఇంకో గేరు పడదు. అక్కణ్ణుంచి నున్న మార్కెట్‌కి చేరాలి. బయట ఎండ 44, 45 డిగ్రీలు. ఆ మూడు నెలల్లో గేర్‌బాక్సు పడే పాటు మిగతా ఏడాదిలో పడదు.

ఇలాంటి బండి కోసమే ఇద్దరి మధ్య వచ్చిన వాదన ఇది. ఒకరు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి సొంత పికప్ నడుపుకుంటున్న కుర్రాడు. రెండోవారు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పని నేర్చి, తేలప్రోలు దగ్గర హైవే పక్కన షెడ్డు వేసుకున్న మేస్త్రి. కుర్రాడు ఫుల్ సింథటిక్ 75డబ్ల్యూ-90 డబ్బాలు రెండు పట్టుకొచ్చాడు. మేస్త్రి దగ్గర బకెట్టులో మామూలు 80డబ్ల్యూ-90 ఉంది.

మేస్త్రి: ఎంత పెట్టావబ్బాయ్ దీనికి?

కుర్రాడు: నువ్వు పోసేదానికి మూడింతలు బాబాయ్. పెట్టొచ్చు. రెండు లీటర్ల పని, రోజూ పోసేది కాదుగా.

మేస్త్రి: ఈ 75డబ్ల్యూ ఏంటి? మనకేమన్నా మంచు పడుద్దా?

కుర్రాడు: అందరూ అక్కడే ఆగిపోతారు. డబ్ల్యూ అనేది చలి లెక్క, నిజమే. 75డబ్ల్యూ అంటే మైనస్ 40 డిగ్రీల్లో కూడా ఒక హద్దు దాటి బిగుసుకోకూడదు. 80డబ్ల్యూకి అదే పరీక్ష మైనస్ 26 దగ్గర పెడతారు, 85డబ్ల్యూకి మైనస్ 12 దగ్గర. మనకు పుష్యమాసంలో కూడా 15 కిందకి దిగడం అరుదు. కాబట్టి ఆ మైనస్‌లతో పని లేదు. వెనకున్న 90 చూడు. వంద డిగ్రీల వేడిలో చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలని దానర్థం. నీదీ 90, నాదీ 90. కాగినాక రెండూ ఒకటే. తేడా కాగకముందు. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే మామూలు 80డబ్ల్యూ-90 సుమారు 140 సెంటీస్టోక్స్ ఉంటుంది, ఇది 100కి కాస్త అటూ ఇటూ. తెల్లారి నాలుగింటికి తోటకి బయల్దేరితే సెకండు గేరు మొరాయిస్తుంది చూడు, ఆ బాధ తగ్గుతుంది.

మేస్త్రి: తెల్లారి కాసేపు గేరు బరువుగా ఉంటే ఏం పోయింది? రెండు కిలోమీటర్లు నడిస్తే అదే వదులవుద్ది. దాని కోసం మూడింతలా?

కుర్రాడు: దాని కోసం కాదు, మధ్యాహ్నం కోసం. లోడు బండి, ఫస్టు గేరు, కింద నేల సెగ, ముందు ఇంజను సెగ. బండి నెమ్మదిగా పోతుంటే బాక్సుకి గాలి తగలదు. లోపల నూనె కాగిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే నూనె ఆయుష్షు సగం అయిపోతుందని రసాయనం వాళ్ళ మోటు లెక్క ఒకటుంది. మామూలు నూనె ముడిచమురులోంచి తీసింది. అందులో నాలుగు రకాల అణువులు కలిసే ఉంటాయి, కొన్ని గట్టివి, కొన్ని వేడికి ఇట్టే విరిగేవి. సింథటిక్‌లో, అంటే పీఏఓ రకంలో, ఇథిలీన్ నుంచి మొదలుపెట్టి ఒకే తీరు అణువులు కడతారు. గాలీ వేడీ తగిలినా తొందరగా పులిసిపోదు, జిగురు కట్టదు. మన మే నెలకి కావలసింది అదే.

ఇక్కడ నేనొక మాట చేర్చాలి. డబ్బా మీద 'సింథటిక్' అని ఉన్నంత మాత్రాన లోపలిది కుర్రాడు చెప్పిన పీఏఓ అయి తీరాలని లేదు. ముడిచమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి, అణువుల రూపు మార్చి తీసే నూనెను కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముతారు. దీని మీద అమెరికాలో పెద్ద తగాదా నడిచింది. క్యాస్ట్రాల్ ఆ పేరు వాడటం తప్పని మొబిల్ ఫిర్యాదు చేస్తే, ప్రకటనల తగవులు తీర్చే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షాన చెప్పింది. అప్పటినుంచి ఆ మాట వెడల్పయింది. అలా శుద్ధి చేసిన నూనె చెడ్డదేమీ కాదు, మామూలు దానికంటే మేలే. కానీ మూడింతల ధర పెట్టేవాడు 'ఫుల్ సింథటిక్' అన్న పెద్దక్షరాలు చూసి డబ్బివ్వకూడదు. డబ్బా వెనక ఉన్న చిన్నక్షరాలు చదవాలి. మేస్త్రి చేసిందదే.

మేస్త్రి: ముందు వైపు చూపించింది చాల్లే, వెనక్కి తిప్పు. ఏపీఐ పక్కన ఏం రాశాడు?

కుర్రాడు: జీఎల్-5.

మేస్త్రి: మీ పుస్తకంలో ఏముంది?

కుర్రాడు: మాన్యువల్‌లో గేర్‌బాక్సుకి జీఎల్-4 అన్నాడు. ఐదంటే నాలుగు కంటే మెరుగేగా బాబాయ్?

మేస్త్రి: ఇక్కడే కొంపలు మునిగేది. ఇంజనాయిల్లో ఆ లెక్క చెల్లుద్ది. సీహెచ్-4 అడిగిన డీజిలు బండిలో సీఐ-4 పోసినా పర్లేదు, కొత్తది పాతదాని పని చేస్తది. గేరాయిల్లో అంకె పెద్దదయితే పనే వేరు. ఖరీదైందని ఆవకాయలో ఎవడన్నా కొబ్బరినూనె పోస్తాడా? వెనక హౌసింగ్‌లో క్రౌనూ పినియనూ ఉంటాయిగా, వాటి కోసం పుట్టింది జీఎల్-5.

కుర్రాడు: హైపాయిడ్ గేర్లు.

మేస్త్రి: పేరు నీకే బాగా తెలుసు. ఆ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లి ఊరుకోవు, ఒరుసుకుంటా పక్కకి జారతాయి. ఆ వత్తిడికి ఉత్త నూనె పొర నిలబడదు. అందుకని గంధకం, భాస్వరం మందులు కలుపుతారు. మూత తీసి వాసన చూడు, ముక్కు పగిలేది ఆ గంధకమే. రాపిడికి ఎక్కడ వేడి పుడితే అక్కడ ఆ మందు ఇనుముతో కలిసి సన్నపొర కడుద్ది. అరిగితే ఆ పొర అరుగుద్ది, పన్ను నిలబడుద్ది. జీఎల్-4లో ఉండే మందుకి జీఎల్-5లో దాదాపు రెట్టింపు. హౌసింగ్‌లో అంతా ఉక్కే కాబట్టి బాధ లేదు. గేర్‌బాక్సులో ఇత్తడి ఉంది. ఆ మందు ఇత్తడిని కూడా పట్టుకుంటది. అక్కడ పొర లేచిపోయినప్పుడల్లా కాస్త ఇత్తడిని కూడా వెంటబెట్టుకు పోద్ది.

మేస్త్రి అక్కడ బెంచీ మీద పడున్న ఒక పాత సింక్రో రింగు తీసి కుర్రాడి చేతికిచ్చాడు. అది ఎవరికైనా చూపించదగ్గ వస్తువు. గాజంత ఇత్తడి చుట్టు, బయట చిన్న చిన్న పళ్ళు, లోపలి వైపు సన్నటి మరచుట్టు గీతలు. కొత్త రింగులో ఆ గీతలు వేలిగోరుకు గరగరా తగులుతాయి. ఈ రింగులో గోరు జారిపోతోంది. తర్వాత దాన్ని దాని గేరు కోను మీద కూర్చోబెట్టి నొక్కాడు. కొత్తదయితే రింగు పళ్ళకీ గేరు పళ్ళకీ మధ్య సందు మిగలాలి, ఫీలర్ గేజి దూరాలి. ఇది పోయి గేరుకి అతుక్కుపోయింది. సందు లేదు.

మేస్త్రి: ఈ గీతలెందుకో చెప్పు, చదువుకున్నావుగా.

కుర్రాడు: నూనెని చీల్చి పక్కకి నెట్టడానికి. నూనె పక్కకి పోతేనే రింగు కోనుని పట్టుకుంటుంది. పట్టుకుంటేనే రెండు వేగాలూ ఒకటవుతాయి. అప్పుడే స్లీవు చప్పుడు లేకుండా గేరులోకి దిగుతుంది.

మేస్త్రి: చూశావా, రింగుకి రాపిడి కావాలి. వెనక హౌసింగ్‌కి రాపిడి పనికిరాదు. ఒకదానికి జారుడు మందు దండిగా కావాలి, ఇంకోదానికి అదే చేటు. మరీ జారుడు నూనె పోస్తే కొత్త రింగు కూడా పట్టలేక జారిపోద్ది. 'గర్ర్' మని చప్పుడు. క్లచ్చు పోయిందనుకుని క్లచ్చు ప్లేటు మార్పిస్తారు, రెండు నెలలకి మళ్ళీ అదే చప్పుడు.

వెనక్కి వెళ్ళి చూస్తే ఈ తగువు వయసు నూరేళ్ళని తెలుస్తుంది. హైపాయిడ్ గేర్లను 1926లో ప్యాకార్డ్ కంపెనీ తన కార్లలో పెట్టింది. డ్రైవ్‌షాఫ్ట్ కిందకి దిగింది, కారు ఎత్తు తగ్గింది. రెండేళ్ళకి, 1928లో, క్యాడిలాక్ సింక్రోమెష్ గేర్‌బాక్సు తెచ్చింది. డబుల్ క్లచ్చు కొట్టే బాధ అక్కడితో తీరడం మొదలైంది. మన పాత లారీ డ్రైవర్లకు ఆ డబుల్ క్లచ్చు ఎంత నేర్పో తెలుసు: క్లచ్చు తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, ఇంజను వేగం సరిచూసి, మళ్ళీ తొక్కి గేరు వెయ్యాలి. ఆ నేర్పుని ఇత్తడి రింగు తన మీద వేసుకుంది. ఇలా రెండేళ్ళ తేడాలో వచ్చిన రెండు కొత్త పనితనాలు నూనెను రెండు వేర్వేరు దారుల్లోకి లాగాయి. జీఎల్-5, జీఎల్-4 అనేవి ఆ రెండు దారులే. ఒకదాని కంటే ఒకటి పై మెట్టు అనుకోవడం వల్లనే మంచి డబ్బు పోసి మంచి గేర్‌బాక్సుల్ని పాడుచేసుకుంటున్నారు. కుర్రాడు మాత్రం అంత తేలిగ్గా దిగలేదు, అదీ మంచిదే.

కుర్రాడు: బాబాయ్, నువ్వు చెప్పేది పాత గంధకం సంగతి. ఇప్పటి జీఎల్-5లో అంత చురుకైన గంధకం వాడటం లేదు. రాగి రేకు పరీక్ష పెడతారు. నున్నగా రుద్దిన రేకుని 121 డిగ్రీల నూనెలో 3 గంటలు ముంచి, ఎంత నల్లబడిందో చూస్తారు. పాసయితేనే అమ్మాలి.

మేస్త్రి: ఎంత నల్లబడితే పాసు?

కుర్రాడు: ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులుంటాయి. జీఎల్-5కి మూడు దాకా ఒప్పుకుంటారు.

మేస్త్రి: నాలుగులో మూడు దాకా నల్లబడినా పాసేనన్న మాట. మూడు గంటల్లో అంత నల్లబడితే, మూడేళ్ళు అందులోనే మునిగుండే రింగు మాటేంటి?

కుర్రాడు: మంచి కంపెనీలవి ఒకటో తరగతిలోనే ఉంటాయి. పైగా అన్ని రింగులూ ఇత్తడివి కావు ఇప్పుడు. మాలిబ్డినం పూత వేసినవున్నాయి, కార్బన్ అంటించినవున్నాయి. వాటికి నీ భయం వర్తించదు.

మేస్త్రి: నీ బాక్సులో ఏ రింగుందో నీకు తెలుసా?

కుర్రాడు: తెలీదు.

మేస్త్రి: నాకూ విప్పితే గానీ తెలీదు. విప్పకుండా తెలిసినవాడు ఒక్కడే, తయారుచేసినవాడు. వాడు పుస్తకంలో జీఎల్-4 అని రాశాడు.

కుర్రాడు: మరి 'జీఎల్-4, జీఎల్-5' అని రెండూ కలిపి రాసిన డబ్బాలు?

మేస్త్రి: అట్టాంటిది ఎవరన్నా పోయిస్తే కాదనను. నాకయితే జీఎల్-4 అని ఒక్కటే రాసింది మేలు. రెండూ రాసినోడు ఎక్కడో సర్దుకుని ఉంటాడు.

ఈ ఒక్కచోట మేస్త్రి మాటకు నేను కొంచెం అడ్డు చెబుతాను. రెండూ రాసిన నూనెల్లో ఇత్తడికి హాని చెయ్యకుండా జాగ్రత్తగా కూర్చినవి నిజంగానే ఉన్నాయి. కాకపోతే డబ్బా చూసి వాటిని వేరుచెయ్యడం మామూలు మనిషి వల్ల కాదు. బండి కంపెనీ ఒప్పుకున్న నూనెల జాబితాలో ఆ పేరుంటే పోసుకోవచ్చు. లేకపోతే వదిలెయ్యడమే.

కుర్రాడు: సరే, జీఎల్-5 నా తప్పే. కానీ నీ దగ్గరున్న దాని సంగతేంటి? ఆ బకెట్టు మీద లేబులు ఏది?

మేస్త్రి: చినిగిపోయింది. నలభై బండ్లకి పోశా, ఒక్కడూ తిరిగి రాలా.

కుర్రాడు: తిరిగి రాకపోవడం సాక్ష్యమా బాబాయ్? బండి ఇంకో షెడ్డుకి పోయి ఉండొచ్చు, గేర్‌బాక్సు మార్చుకుని ఉండొచ్చు. నా డబ్బాకి సీలుంది, బ్యాచి నంబరుంది, నెల ఉంది. తప్పు నూనె అయినా తప్పని చదివి తెలుసుకున్నాం. నీ బకెట్టులో తప్పుంటే ఏం చదవాలి?

ఈ ప్రశ్న కుర్రాడిది, నూటికి నూరుపాళ్ళు సరైనది. ఖాళీ బకెట్లలో మళ్ళీ నింపి అమ్మే నూనెల బెడద వాహనాలతో బతికేవాళ్ళందరికీ తెలుసు. సీలు పగలని చిన్న డబ్బా మామూలు నూనె, లేబులు లేని బకెట్టు నూనె ఒక్క రకమే అయినా ఒకటి కావు. మేస్త్రి ఆ మాటకి ఎదురు చెప్పలేదు. బకెట్టుని బెంచీ కిందకి నెట్టి ఇంకో వైపు నుంచి వచ్చాడు.

మేస్త్రి: సరే, సీలు డబ్బానే పోద్దాం. కానీ నూనె ఎంత ఖరీదుదైనా నీళ్ళకి ఆగదు, అది గుర్తుపెట్టుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో ఎన్ని బండ్లు మునిగినయ్? ఇంజను సంగతి అందరూ చూసుకున్నారు. గేర్‌బాక్సుకీ హౌసింగ్‌కీ పైన బ్రీదరు ఉంటదని ఎంతమందికి గుర్తొచ్చింది? వేడి బాక్సు చల్లటి నీళ్ళలో దిగితే లోపల గాలి ముడుచుకుంటది, బ్రీదరులోంచి నీళ్ళు లాక్కుంటది. నట్టు విప్పితే నూనె బదులు పాలుపోసిన కాఫీ రంగు వస్తది. అది చూసిన రోజునే తీసెయ్యాలి. సింథటిక్ కదా ఇంకో ఏడాది నడుస్తదిలే అంటే బేరింగులు తుప్పుపడతాయి.

కుర్రాడు: అది ఏ నూనెకైనా అంతేగా.

మేస్త్రి: అందుకే చెబుతున్నా. డబ్బు పోశాం కదాని మర్చిపోతారు, దాంతోనే నా గొడవ.

కుర్రాడు: మిగిలిన నూనె మా ట్రాక్టరులో పోసేస్తే?

మేస్త్రి: వద్దు. మీది ఆయిల్ బ్రేకుల ట్రాక్టరు. గేర్లకీ, హైడ్రాలిక్‌కీ, బ్రేకులకీ ఒకటే నూనె తిరుగుద్ది. దానికి వేరే నూనె ఉంటది, ట్రాన్స్‌మిషన్ ఆయిలని అడిగితే ఇస్తారు. ఇది పోస్తే బ్రేకు ప్లేట్లు జారతాయి, లేకపోతే కీచుమని అరుస్తాయి.

కుర్రాడు: అయితే ఈ రెండు డబ్బాలూ వెనక హౌసింగ్‌కి పనికొస్తాయా? దానికి జీఎల్-5 అనే రాశాడు.

మేస్త్రి: గ్రేడు కూడా కలుస్తుందా చూడు. కలిస్తే నిక్షేపంలా పోసుకో. లోడు బండికి హౌసింగ్ కూడా బాగానే కాగుద్ది, నువ్వన్న మంచితనమంతా అక్కడ పనికొస్తది. గేర్‌బాక్సుకి మాత్రం వేరేది తే.

కుర్రాడు: సింథటిక్కే తెస్తా, 75డబ్ల్యూ-90 జీఎల్-4 అని స్పష్టంగా రాసింది. పుస్తకంలో 80డబ్ల్యూ-90 జీఎల్-4 అని ఉంది. కాగాక రెండూ 90లే, మందు ఒకటే. ఒప్పుకుంటావా?

మేస్త్రి: ఒప్పుకుంటా. కానీ బండి పాతది. సీళ్ళు గట్టిపడి ఉంటాయి. పాత నూనె తెట్టె పట్టి మూసిన సందుల్ని కొత్తది కడిగేస్తే కారడం మొదలవుద్ది. అప్పుడు నూనె మీద పెట్టొద్దు నింద.

కుర్రాడు: కారితే సీలు మార్పిస్తా. సీలు గట్టిపడితే ఈ రోజు కాకపోయినా రేపు కారాల్సిందే. నూనె మార్చే గడువు మాత్రం రెట్టింపు చేస్తా, అందులో నీ మాట వినను. అంత పెట్టింది అందుకే.

మేస్త్రి: చెయ్యొద్దు. నూనె చెడకపోవచ్చు, అరిగిన లోహం ఎక్కడికి పోద్ది? ఇంజనుకయితే ఫిల్టరు ఉంది. దీనికేది? అరిగిందంతా లోపలే తిరుగుతా ఉంటది. డ్రెయిన్ నట్టుకి అయస్కాంతం ఉంటే ఇనుప రజను అంటుకుంటది, ఇత్తడి అంటుకోదు. అది నూనెలోనే తేలాడుద్ది.

మాటల్లోనే కింద నట్టు విప్పి, పాత నూనె కొంచెం పళ్ళెంలోకి పట్టి, మళ్ళీ బిగించారు. అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద, మెత్తటి బంకమట్టిలా. అది ఏ బాక్సులోనైనా ఉండేదే. సూదుల్లా, పెంకుల్లా ముక్కలుంటే భయపడాలి, అవి లేవు. కుర్రాడు చేతి లైటు వేసి పళ్ళెంలో నూనెను అటూ ఇటూ వంచాడు. నల్లటి నూనెలో సన్నటి బంగారు మెరుపులు కదిలాయి. అది ఇత్తడి. అంటే ఈ బాక్సులో రింగులు ఇత్తడివేనని, అవి అరుగుతున్నాయని, ఇంతకుముందు ఎవరో ఏదో పోశారని విప్పకుండానే తెలిసింది. ఏ నూనె పోశారో రాసిపెట్టి ఉంటే కారణం కూడా తెలిసేది.

కుర్రాడు: గడువు సంగతి సీజను అయ్యాక చూద్దాం. జులైలో వచ్చి ఇదే లైటు వేసి చూస్తా. మెరుపు తగ్గితే నా గడువు, తగ్గకపోతే నీ గడువు.

మేస్త్రి: తగ్గకపోతే గడువు కాదు అబ్బాయ్, రింగులు మార్చాలి. ముందు జీఎల్-4 తీసుకురా పో. ఆ డబ్బా వచ్చిందాకా కింద నట్టు మళ్ళీ ముట్టుకోను. వచ్చాక కూడా ముందు పైన నింపే నట్టు వదులవుద్దో లేదో చూశాకే కిందది తీస్తా. కింద అంతా కార్చేసి, పై నట్టు బిగుసుకుపోయి రాకపోతే, మామిడి సీజనులో బండి ఇక్కడే జాకీల మీద నిలబడుద్ది.

కుర్రాడు: ఎన్ని లీటర్లు తేవాలి?

మేస్త్రి: పుస్తకంలో ఎంతుందో అంతకి ఒక అర ఎక్కువ. బండి మట్టంగా నిలబెట్టి, పై నట్టు రంధ్రంలోంచి నూనె బయటికి కారడం మొదలయ్యేదాకా పొయ్యాలి. అంతకంటే పోస్తే సీళ్ళలోంచి నెట్టుద్ది.

కుర్రాడు: తలుపు మీద స్టిక్కరు కూడా వేద్దాం బాబాయ్. నూనె పేరు, జీఎల్-4, మీటరు ఎంతుందో అదీ.

మేస్త్రి: ఇంజనాయిలు స్టిక్కరు పక్కనే వెయ్యి. మార్కరు పెన్నుతో రాస్తే వాటర్ సర్వీసుకి చెరిగిపోద్ది, పెయింటు తీసుకురా.